కంప్యూటర్‌లోకి అనుమతి లేకుండా వెళ్తే ఎప్పుడు నష్టపరిహారం, ఎప్పుడు జైలు?

ఉద్యోగం మానేస్తున్న ఒక వ్యక్తి చివరి రోజు ఆఫీసు కంప్యూటర్‌లోని కస్టమర్ల జాబితాను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారనుకుందాం. దాంతో సొంత వ్యాపారం మొదలుపెట్టాలన్నది ఆయన ఆలోచన.

మరో వ్యక్తి ఒక వెబ్‌సైట్‌లో తన రసీదు చూసుకుంటున్నారు. అడ్రస్ బార్‌లో ఒక అంకె మార్చగానే వేరేవారి రసీదు తెరుచుకుంది. అది నిజంగానే లోపమా అని మరో రెండు రసీదులు తెరిచి చూసి, విషయాన్ని ఆ సంస్థకు మెయిల్ చేశారు.

ఈ ఇద్దరిలో ఎవరు నేరస్థులు? భారత చట్టం ఇద్దరినీ ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: అనుమతి ఉందా? వారిని వేరుచేసే ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది.

చట్టంలో ఏముంది?

కంప్యూటర్ నేరాలకు దేశంలో ప్రధాన చట్టం సమాచార సాంకేతిక చట్టం, 2000. అందరూ ఐటీ చట్టం అని పిలిచే ఇది 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. 2008లో పార్లమెంటు చేసిన పెద్ద సవరణలు 2009 అక్టోబర్ 27 నుంచి అమలవుతున్నాయి.

ఇందులో 43, 66 సెక్షన్లను కలిపి చదవాలి.

యజమాని లేదా బాధ్యుల అనుమతి లేకుండా చేయకూడని పనుల జాబితా 43వ సెక్షన్‌లో ఉంది. కంప్యూటర్‌లోకి ప్రవేశించడం, డేటాను కాపీ లేదా డౌన్‌లోడ్ చేయడం, వైరస్ చొప్పించడం, సేవలకు అంతరాయం కలిగించడం, సమాచారాన్ని చెరిపేయడం లేదా మార్చడం, సోర్స్ కోడ్ దొంగిలించడం వంటివి ఇందులోకి వస్తాయి. ఈ సెక్షన్ కింద జైలు లేదు. నష్టపోయినవారికి పరిహారం చెల్లించాలి.

అవే పనులను ‘నిజాయితీ లేకుండా లేదా మోసపూరితంగా’ చేస్తే 66వ సెక్షన్ వర్తిస్తుంది. మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

అంటే సివిల్ తప్పుకూ నేరానికీ మధ్య గీత గీసేది ఉద్దేశమే. ఒకరికి అక్రమ లాభం లేదా మరొకరికి అక్రమ నష్టం కలిగించాలనుకోవడాన్నే చట్టం ‘నిజాయితీ లేకపోవడం’ అంటుంది.

బ్రిటన్‌లో గీత మరోచోట ఉంది. అక్కడి 1990 నాటి కంప్యూటర్ మిస్‌యూజ్ చట్టం ప్రకారం, అనుమతి లేదని తెలిసీ ప్రవేశించడానికి ప్రయత్నిస్తే అదే నేరం. మోసం చేసే ఉద్దేశాన్ని విడిగా నిరూపించనక్కర్లేదు.

‘హ్యాకింగ్’ నేరం కాదా?

2000 నాటి 66వ సెక్షన్ శీర్షికలోనే ‘హ్యాకింగ్’ ఉండేది. సమాచారాన్ని చెరపడం, మార్చడం, దాని విలువ తగ్గించడం చుట్టూనే దాని నిర్వచనం తిరిగేది. 2008 సవరణ ఆ మాటను తీసేసి ‘కంప్యూటర్ సంబంధిత నేరాలు’ అని మార్చింది. దాంతో దేన్నీ చెడగొట్టకుండా డేటాను కాపీ చేసుకోవడం కూడా, ఉద్దేశాన్నిబట్టి, నేరం పరిధిలోకి వచ్చింది.

ఇతరుల పాస్‌వర్డ్ లేదా ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే 66సీ, కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే 66డీ వర్తిస్తాయి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా ఉంటుంది. సైబర్ ఉగ్రవాదానికి 66ఎఫ్ కింద యావజ్జీవ శిక్ష కూడా పడొచ్చు.

సెల్‌ఫోన్ కూడా కంప్యూటరేనా?

అవునని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లోనే చెప్పింది. రిలయన్స్ ఇన్ఫోకామ్ తన నెట్‌వర్క్‌లో మాత్రమే పనిచేసేలా హ్యాండ్‌సెట్లు ఇచ్చేది. వాటిలోని ప్రోగ్రామ్‌ను మార్చి కస్టమర్లను టాటా ఇండికామ్‌కు తిప్పుతున్నారని కేసు నమోదైంది. దాన్ని కొట్టేయాలని ఆ కంపెనీ ఉద్యోగులు కోర్టుకు వెళ్లారు. సెల్‌ఫోన్ చట్టంలోని కంప్యూటర్ నిర్వచనంలోకి వస్తుందని చెబుతూ, సోర్స్ కోడ్‌ను తారుమారు చేయడానికి సంబంధించిన 65వ సెక్షన్ ఆరోపణను కొట్టేయడానికి హైకోర్టు నిరాకరించింది. కాబట్టి ఇతరుల ఫోన్‌కూ ఈ చట్టం వర్తిస్తుంది.

పాస్‌వర్డ్ ఇచ్చారంటే అనుమతి ఇచ్చినట్టేనా?

ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జార్జియా రాష్ట్రంలో ఒక పోలీసు సార్జంట్ డబ్బుకు ఆశపడి, తనకు అందుబాటులో ఉన్న వాహనాల డేటాబేస్‌లో ఒక నంబర్ వివరాలు వెతికారు. ఆ డేటాబేస్ చూసే హక్కు ఆయనకు ఉంది కాబట్టి, ఉద్దేశం చెడ్డదైనా, అక్కడి కంప్యూటర్ మోసాల చట్టం కింద అది నేరం కాదని 2021 జూన్‌లో కోర్టు తీర్పునిచ్చింది.

భారత చట్టం పదాలు వేరు. ప్రవేశించడం, కాపీ చేయడం 43వ సెక్షన్‌లో విడివిడి అంశాలు. లోపలికి వెళ్లే అనుమతి ఉన్నా, కాపీ చేసుకునే అనుమతి లేకపోవచ్చు. పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లిన ఉద్యోగికి ‘పాస్‌వర్డ్ మీరే ఇచ్చారు కదా’ అన్న వాదన ఒక్కటే సరిపోకపోవడానికి కారణం ఇదే.

లోపం చూపించినవారి సంగతేంటి?

ఇబ్బంది ఇక్కడే ఉంది. 66వ సెక్షన్ కింద పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు. ఇది బెయిల్ దొరికే నేరమే. కానీ ఉద్దేశం ఏమిటన్నది తేలేది విచారణలో. ఎఫ్ఐఆర్, ఫోన్, ల్యాప్‌టాప్ స్వాధీనం, స్టేషన్ చుట్టూ తిరగడం అంతకు ముందే జరిగిపోతాయి.

2018 జనవరిలో ‘ది ట్రిబ్యూన్’ పత్రిక, రూ.500 ఇస్తే ఆధార్ వివరాలు చూసే వీలు దొరుకుతోందని కథనం ప్రచురించింది. ఆధార్ సంస్థ ఫిర్యాదుతో ఢిల్లీ పోలీసులు నమోదు చేసిన ఎఫ్ఐఆర్‌లో విలేఖరి పేరు కూడా ఉంది. పెట్టిన సెక్షన్లలో 66 ఒకటి. ఎడిటర్స్ గిల్డ్ దీన్ని ఖండించింది. ఎఫ్ఐఆర్ గుర్తు తెలియని వ్యక్తులపైనేనని అప్పటి కేంద్ర మంత్రి రవిశంకర్ ప్రసాద్ వివరణ ఇచ్చారు.

సదుద్దేశంతో భద్రతా లోపాలు వెతికేవారిపై కేసులు పెట్టవద్దని అమెరికా న్యాయశాఖ 2022 మేలో తన ప్రాసిక్యూటర్లకు సూచించింది. భారత్‌లో సెర్ట్-ఇన్ లోపాల సమాచారాన్ని స్వీకరిస్తుంది. కానీ వాటిని తెలిపినవారికి రక్షణ కల్పించే సెక్షన్ ఐటీ చట్టంలో లేదు.

బాధితులు ఎక్కడికి వెళ్లాలి?

డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఇతర సైబర్ నేరాలపై జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఐటీ చట్టం కేసులను ఇన్‌స్పెక్టర్, ఆపై హోదా ఉన్నవారే దర్యాప్తు చేయాలి.

చాలామందికి తెలియని దారి మరొకటి ఉంది. రూ.5 కోట్ల వరకు పరిహారం కోరుతూ రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందు దరఖాస్తు చేసుకోవచ్చు. న్యాయనిర్ణయాధికారి ఆయనే. కేసు పెట్టి దోషిని జైలుకు పంపినంత మాత్రాన పోయిన సొమ్ము తిరిగి రాదు. దానికోసం ఈ తలుపు విడిగా తట్టాలి.

ఇక రసీదుల్లో లోపం కనిపెట్టిన వ్యక్తి విషయానికొస్తే, మోసం చేసే ఉద్దేశం లేదు కాబట్టి 66వ సెక్షన్ ఆయనకు వర్తించకూడదు. కానీ లోపం నిజమేనా అని తెరిచిన ఆ రెండు రసీదులకూ ఆయనకు ఎవరి అనుమతీ లేదు. అలాంటివారు కనిపించిన మొదటి తప్పు దగ్గరే ఆగి, ఇతరుల డేటా ఏదీ దాచుకోకుండా, వెంటనే రాతపూర్వకంగా తెలియజేయడం మేలు. తమ ఉద్దేశం ఏమిటో చెప్పడానికి రేపు వారి చేతిలో ఉండే సాక్ష్యం అదే.