ప్రేగులలోని సూక్ష్మజీవులు – మనోవిషాదము

దిగులు పట్టినవారికి అన్నము సహింపదను సంగతి మన ఇండ్లలో అందరెరిగినదే. మరి కడుపులో కలుగు మార్పు మనసును క్రుంగదీయగలదా? ఈ ప్రశ్న ఇప్పుడు ప్రయోగశాలలకు చేరినది.

మన పెద్దప్రేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురమున్నవి. మనకు జీర్ణము కాని పీచును పులియబెట్టి అవి బ్రతుకుచున్నవి. వాని పని అంతటితో ముగియదు. స్త్రీల శరీరమునకు ముఖ్యమైన ఎస్ట్రడయోల్ అను హార్మోనులో కొంత భాగమును కాలేయము పిత్తరసముతో ప్రేగులలోనికి పంపును. అచ్చటినుండి కొంత మరల రక్తమును చేరును. అనగా ఆ హార్మోను ఈ జీవుల వాకిటి మీదుగానే రాకపోకలు సాగించుచున్నదన్నమాట.

చీనాదేశమందలి వూహాన్ శాస్త్రజ్ఞులు, ఇంకను ముట్లుడుగని వయసున విషాదవ్యాధికి లోనైన స్త్రీల మలమునుండి, ఈ హార్మోనును విచ్ఛిన్నము చేయు క్లెబ్సియెల్లా ఏరోజెనీస్ అను బాక్టీరియాను వేరుచేసి, ఆ సంగతిని 2023లో ప్రకటించిరి. దానిని చిట్టెలుకల కడుపులోనికి పంపగా వాని హార్మోను తగ్గినది. అవి దిగులును పోలిన ప్రవర్తన చూపినవి. ఎలుక దిగులు ఎట్లు తెలియునందురా? నీటిలో విడిచినపుడు ఈదుట మానుట, తీపినీటిపై మక్కువ తగ్గుట వంటివి ఇట్టి ప్రయోగములలో వాడుకగా చూచు గుర్తులు. మనుష్యుని దుఃఖమునకు ఇవి ఏపాటి కొలతలో పాఠకులే ఊహింపగలరు.

అయినను వారు అచ్చట ఆగలేదు. హార్మోనును విరుచు ఎంజైమునకు మూలమైన జన్యువును గుర్తించి, వేరొక బాక్టీరియాలో ప్రవేశపెట్టిరి. అదియు ఎలుకలలో అదే ఫలితమునిచ్చినది. మాకు ఈ మెట్టే అన్నింటికన్న గట్టిదిగా తోచుచున్నది. పురుష హార్మోనైన టెస్టోస్టిరోన్ విషయమున ఇట్టి పరిశోధననే వారు 2022లో ప్రకటించియుండిరి.

వ్యాధి లేని స్త్రీలలోకన్న వ్యాధిగల స్త్రీలలో ఆ బాక్టీరియా ఎక్కువగా కనబడినమాట నిజమే. కాని ఏది ముందు? దిగులుతో తిండి మారును, నిద్ర చెడును, మందులు వచ్చి చేరును. ప్రేగులలోని జీవజాలము మారుటకు ఇవియు చాలును. కనుక వైద్యుడిచ్చిన మందు మాని పెరుగన్నముపై భారము వేయరాదు. ఐర్లాండు శాస్త్రజ్ఞులు 2011లో ఎలుకల బెదురును తగ్గించినదని చెప్పిన ఒక లాక్టోబాసిల్లస్ రకమునే 2017లో ఆరోగ్యవంతులైన పురుషులకిచ్చి చూచిరి. ఉత్తుత్తి మాత్రకన్న అది ఏమియు ఎక్కువ మేలు చేయలేదు.