ఓనర్‌కి నచ్చిన వెబ్‌సైట్... మరి కస్టమర్‌కి?

‘వెబ్‌సైట్ బ్రహ్మాండంగా ఉందండీ, జనమే కొనట్లేదు!’ చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లు సరిదిద్దడం నా పని కాబట్టి ఈ మాట తరచూ వింటుంటాను. బ్రహ్మాండంగా ఉందన్నది ఎవరు? ఓనరు, ఆయన బావమరిది, కట్టిన కుర్రాడు. కొనేవాళ్లని మాత్రం ఎవరూ అడగరు.

గోదావరి జిల్లాలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ సంగతే చూడండి. మేనల్లుడి సాయంతో సైట్ సొంతంగానే కట్టుకున్నారు. నెలనెలా ప్రకటనలకి డబ్బు కడుతున్నారు. జనం వస్తున్నారు, చూస్తున్నారు, వెళ్లిపోతున్నారు. ఆర్డర్లు లేకపోతే జాడీలు నింపే నలుగురు ఆడవాళ్లకి పని ఉండదు. అదీ ఆవిడ దిగులు.

సైట్ తెరవగానే అమ్మమ్మగారి ఫొటో, కింద పెద్ద వ్యాసం. ఆ తర్వాత వాటంతటవే తిరిగే బొమ్మలు. ధర కావాలంటే ‘మా వారసత్వం’ నొక్కి, అందులో ‘రుచుల లోకం’లోకి వెళ్లాలి. మెనూలో ఎక్కడా ఆవకాయ అన్న మాటే లేదు! కొట్లో ఎవరైనా ‘కిలో ఎంతమ్మా?’ అంటే కుటుంబ చరిత్ర మొదలుపెడతామా?

ఇది చాలదన్నట్టు, కొనాలంటే ముందు ఖాతా తెరవాలి. జారెడ్ స్పూల్ అనే అమెరికా నిపుణుడు 2009లో ఒక పెద్ద షాపింగ్ సైట్ గురించి రాశాడు. అక్కడ ‘రిజిస్టర్’ బటన్ తీసేసి ‘కంటిన్యూ’ అని పెట్టి, ఖాతా లేకపోయినా కొనొచ్చని ఒక ముక్క రాశారట. మొదటి ఏడాదే అమ్మకాలు 30 కోట్ల డాలర్లు పెరిగాయని ఆయన లెక్క. మన పచ్చళ్లకి అంత రాకపోవచ్చులెండి, జబ్బు మాత్రం అదే.

డెలివరీ చార్జీ చిట్టచివర బయటపెట్టడం ఇంకో తప్పు. ఆవిడకి మోసం చేసే ఉద్దేశం లేదు. కానీ కొనేవాళ్లకి అలాగే అనిపిస్తుంది. అసలు ధరలో కొంత దాచి ఆఖర్న బయటపెట్టడం, ‘రెండే మిగిలాయి’ అని ఉత్తుత్తి తొందర పెట్టడం లాంటి 13 రకాల ఎత్తుగడలు కూడదంటూ కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. పక్క సైట్‌లో ఉందని గుడ్డిగా కాపీ కొట్టేవాళ్లు ఇది గమనించాలి.

తెలుగు సైట్లకి మరో తలనొప్పి ఉంది. ఇంగ్లిష్ అక్షరాల కోసం చేసిన రెడీమేడ్ డిజైన్లో తెలుగు పోస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుకుంటాయి. వరసల మధ్య కాస్త ఎడం పెంచితే సరిపోతుంది. అది చేతకాక మొత్తం రాతని బొమ్మగా చేసి అతికిస్తారు. ఫోన్లో అది చీమల బారు! చూపు లేనివాళ్లకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా బొమ్మలోని రాతని సరిగ్గా అందుకోలేదు.

ఇవన్నీ నేను చెబితే ఆవిడ నమ్మలేదు. వెబ్ వాడకంపై పరిశోధించిన జేకబ్ నీల్సన్ 2000లోనే ఒక మాటన్నాడు: ఐదుగురి చేత వాడించి చూస్తే చాలు, సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని. సరే, ఐదుగురిని పిలిచాం. ‘హైదరాబాద్‌లో ఉన్న మీవాళ్లకి కిలో గోంగూర పంపండి’ అన్నాం, అంతే. ఆవిడకి ఒకటే షరతు: నోరు మెదపకూడదు.

పక్కింటి టైలరమ్మ జాడీ ఫొటోనే పదేపదే నొక్కింది. అది ఉత్త బొమ్మ. రిటైర్డ్ మాస్టారికి తెల్లటి తెరమీద లేత బూడిదరంగు అక్షరాలు కనబడలేదు. డాలస్‌లో ఉన్న వాళ్ల తమ్ముడు వీడియో కాల్లో చూపించాడు: ఫోన్ నంబరు గడి పది అంకెలు తీసుకుంది గానీ ఓటీపీ అమెరికాకి పోలేదు. ‘అక్కా, డబ్బులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డానే!’ అన్నాడు. ఆ మాటకి ఆవిడ ముఖం చూడాల్సింది.

ఇప్పుడు మొదటి తెరమీదే జాడీలు, అరకిలో, కిలో ధరలు. పిన్‌కోడ్ కొడితే అక్కడికక్కడే డెలివరీ చార్జీ. పైన ఫోన్ నంబరు. ఖాతా అక్కర్లేదు. అమ్మమ్మగారి ఫొటో తీయడానికి మాత్రం ఆవిడ ససేమిరా అన్నారు. బేరమాడి, పేజీ అడుక్కి దించాం.