గులకరాళ్ల గట్లపై వేటగాళ్ల చరిత్ర

అలాస్కా వాయవ్య తీరంలో, ఆర్కిటిక్ వలయానికి కొంచెం ఉత్తరాన కేప్ క్రూసెన్‌స్టెర్న్ ఉంది. వేల ఏళ్లుగా అలలు, తుపానులు అక్కడ గులకరాళ్లను మోసుకొచ్చి సముద్రంవైపు ఒకదాని ముందు ఒకటిగా గట్లు పోశాయి. వాటిలో 114 గట్లను లెక్కించారు. సీల్‌లను వేటాడేవారు ఎక్కువగా నీటికి దగ్గరి గట్టు మీదే మకాం వేసేవారు. అందుకే లోపలికి నడిచేకొద్దీ ఆనవాళ్లు పాతబడతాయి. మామూలుగా గతం కోసం లోతుకు తవ్వాలి. ఇక్కడ సముద్రానికి వీపు పెట్టి నడిస్తే చాలు!

1958లో తవ్వకాలు మొదలుపెట్టిన అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త లూయీ గిడ్డింగ్స్ ఈ వరసను వెలికితీశారు. లోపలి గట్లపై దొరికిన డెన్‌బీ సంస్కృతి రాతి పనిముట్లు సన్నగా, ఆశ్చర్యపోయేంత నాజూగ్గా ఉంటాయి. మధ్యలో ఒకచోట తిమింగలాల ఎముకలతోపాటు ఇళ్లు బయటపడ్డాయి. ఆ ఇళ్లలో ఉన్నవారిని గిడ్డింగ్స్ తిమింగలాల వేటగాళ్లన్నారు. తర్వాతి పరిశోధకులు కొందరు ఒప్పుకోలేదు. తీరానికి దగ్గర్లో నేటి ఇనుపియాట్ల పూర్వీకులైన థూలేల ఇళ్లున్నాయి. చర్మపు పడవలు, తాడు కట్టిన ఈటెలతో తిమింగలాలను వేటాడటంలో వారు ఆరితేరినవారు.

గట్లు వాతావరణాన్ని కూడా నమోదు చేశాయి. పాత గట్లు కోసుకుపోయిన చోట్లు తుపానులు ముదిరిన కాలాలను చూపుతాయి. ఇప్పుడు సముద్రపు మంచు ఆలస్యంగా గడ్డకడుతోంది, నేలలోని శాశ్వత మంచు కరుగుతోంది. దాంతో ఆర్కిటిక్ తీరమంతటా ఇలాంటి స్థలాలు తవ్వకాలకు ముందే సముద్రం పాలవుతున్నాయి.