చెమట ఆరితేనే చల్లదనం

1774లో లండన్‌లో జార్జ్ ఫోర్డైస్ అనే డాక్టరు కొన్ని గదులను విపరీతంగా వేడెక్కించి, తన స్నేహితులను లోపలికి పిలిచాడు. వాళ్ళలో వైద్యుడు చార్లెస్ బ్లాగ్డెన్, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఉన్నారు. ప్రయోగాలు సాగేకొద్దీ గదిలోని వేడి నీళ్ళు మరిగే స్థాయిని దాటి 127 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళింది. రేకు మీద పెట్టిన కోడిగుడ్లు ఇరవై నిమిషాల్లో గట్టిపడిపోయాయి. మాంసం ముక్క ఉడికిపోయింది. అదే గాలిలో కొన్ని నిమిషాల పాటు నిలబడ్డ మనుషుల ఒంటి వేడి మాత్రం పెద్దగా మారలేదు.

ఆ గదిలో వాళ్ళు ఒక గిన్నెడు నీళ్ళు కూడా పెట్టారు. చుట్టూ గాలి అంత వేడిగా ఉన్నా నీళ్ళు మరగలేదు. పైన కాస్త నూనె పోసి ఆవిరి లేవకుండా చేశాక గానీ మరగడం మొదలుకాలేదు. నాకు గుడ్ల కంటే ఈ గిన్నె ముఖ్యమనిపిస్తుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని వెంటబెట్టుకుపోతుంది. ఆవిరికి అడ్డుపడితే ఆ వేడి అక్కడే ఉండిపోతుంది. ఒంటి మీద చెమట విషయంలో జరిగేదీ ఇదే.

లెక్క చూస్తే దీని బలం తెలుస్తుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. 60 కిలోల మనిషి శరీరం ఒక డిగ్రీ వేడెక్కడానికి 50 కిలోకేలరీలు చాలు. కండరాలు పనిచేస్తున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది కాబట్టి, ఎండలో తట్ట మోసే కూలీకి బయటి వేడితో పాటు తన ఒంట్లో పుట్టే వేడి కూడా శత్రువే. అలాంటి పనిలో గంటకు ఒక లీటరు, ఒక్కోసారి అంతకు మించి కూడా చెమట పడుతుంది. అందులో బొట్లు బొట్లుగా నేల మీద రాలింది, చొక్కా పిండితే కారింది ఒంటిని చల్లబరచదు. చర్మం మీద ఆరిన చెమటే చల్లబరుస్తుంది.

మన చర్మంలో 20 నుంచి 40 లక్షల స్వేదగ్రంథులు ఉంటాయి. ఒక్కోటి లోపల చుట్ట చుట్టుకున్న సన్నని గొట్టం. అడుగున ఊరే ద్రవంలో ఉప్పు దాదాపు రక్తంలో ఉన్నంత ఉంటుంది. అది పైకి వచ్చే దారిలో గొట్టం గోడలు ఆ ఉప్పును చాలావరకు వెనక్కి పీల్చుకుంటాయి. అందుకే చెమట ఉప్పగా ఉన్నా రక్తమంత ఉప్పగా ఉండదు. ఈ పీల్చుకునే ఏర్పాటు పుట్టుకతోనే చెడితే ఏమవుతుందో 1948 వేసవిలో న్యూయార్క్‌లో బయటపడింది. ఆ ఏడు వడగాడ్పులకు సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన పసిపిల్లల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ళు ఎక్కువగా కనిపించారు. కారణం వెతికిన డాక్టర్ పాల్ డి సాంట్ ఆగ్నీస్ బృందం, ఆ పిల్లల చెమటలో ఉప్పు మామూలు కంటే చాలా ఎక్కువని 1953లో తేల్చింది. ఆ జబ్బును గుర్తించడానికి నేటికీ చేసే ప్రధాన పరీక్ష చెమటలో క్లోరైడ్‌ను కొలవడమే.

చెమటలన్నీ వేడికే పట్టవు. జపాన్ శరీరశాస్త్రవేత్త యాస్ కునో ఈ తేడాను దశాబ్దాల పాటు పరిశీలించాడు. అరచేతులు, అరికాళ్ళు ఎండకంటే భయానికీ ఆందోళనకూ తొందరగా తడుస్తాయి. ముచ్చెమటలు పట్టడం అలాంటిదే. ఫ్యాను కింద కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి ఒళ్ళంతా చల్లని చెమట పోసిందంటే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. డాక్టర్లు డయాఫోరసిస్ అని రాసుకునే ఈ లక్షణం గుండెపోటుకు గుర్తు కావచ్చు. మధుమేహానికి మందులు వాడేవారిలో చక్కెర పడిపోయినా ఇలాగే చెమటతో పాటు వణుకు వస్తుంది.

మళ్ళీ ఆవిరి దగ్గరికి వద్దాం. బ్లాగ్డెన్ బృందం తట్టుకోగలిగింది ఆ గదిలో గాలి పొడిగా ఉండబట్టి. గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటే చెమట ఆరడానికి చోటుండదు. ఇంగ్లండ్‌లో జె.ఎస్. హాల్డేన్ కార్న్‌వాల్ గనుల్లోనూ, వేడి గదుల్లోనూ పరిశీలనలు చేసి 1905లో ఒక సంగతి రాశాడు. మనిషికి ప్రమాదం ఎప్పుడొస్తుందో మామూలు థర్మామీటరు చెప్పదు, బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చెబుతుంది. గుడ్డలోని నీరు ఆవిరవుతూ బల్బును చల్లబరుస్తుంది; గాలిలో తేమ పెరిగేకొద్దీ ఆ చల్లదనం తగ్గుతుంది. కదలని గాలిలో ఈ తడి బల్బు చూపే అంకె సుమారు 31 డిగ్రీలు దాటితే, ఊరికే కూర్చున్న మనిషి ఒంటి వేడి కూడా పెరగసాగుతుందని ఆయన గమనించాడు. 2010లో ఒక అధ్యయనం ఈ హద్దును లెక్కల ద్వారా 35 డిగ్రీలుగా అంచనా వేసింది. తర్వాత అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువతీయువకుల మీద నేరుగా పరీక్షలు చేస్తే, తేమ వాతావరణంలో ఆ హద్దు 31 దగ్గరే తేలింది. హాల్డేన్ అంకె నూరేళ్ళకు పైగా నిలిచింది.

మన దేశపు బొగ్గు గనుల నిబంధనలు కూడా తడి బల్బునే ప్రమాణంగా తీసుకున్నాయి. వాటి ప్రకారం పనిచేసే చోట అది 33.5 డిగ్రీలు మించకూడదు. 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో కదిలేలా చూడాలి. భూగర్భంలో దిగే సింగరేణి కార్మికుడికి ఇంత పట్టింపు ఉన్నప్పుడు, భూమి మీద ఎండలో పనిచేసేవారికి పేపర్లో వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే ఆధారం కావడం నాకు అన్యాయంగా తోస్తుంది. రామగుండంలో 44 డిగ్రీల ఎండ, 15 శాతం తేమ ఉన్నాయనుకుందాం. తడి బల్బు 23 దగ్గర ఉంటుంది. మచిలీపట్నంలో 35 డిగ్రీలు, 70 శాతం తేమ అనుకుంటే అది 30కి చేరుతుంది. మొదటి ఊరి పేరు పతాక శీర్షికల్లోకి ఎక్కుతుంది. రెండో ఊళ్ళో ఒంటికి చెమట ఆరే దారి మూసుకుపోతూ ఉంటుంది. హైదరాబాద్‌లో హాయినిచ్చే కూలరు కాకినాడలో ఉక్కపోతను పెంచేది కూడా ఇందుకే.

అలాగని పొడి ఎండ మంచిదని కాదు. అక్కడ గాలి చర్మం కంటే వేడిగా ఉండి ఒంట్లోకి వేడిని ఎక్కిస్తుంది. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. 2015 వేసవిలో దేశం మొత్తం మీద రెండువేల మందికి పైగా వడగాడ్పులకు చనిపోతే, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళే. వయసు మళ్ళినవారికి చెమట తక్కువ పడుతుంది. కొన్ని మందులు కూడా చెమటను తగ్గిస్తాయి.

ఇక్కడ ఒక అపోహ ప్రాణాల మీదికి తెస్తోంది. ఒళ్ళు పొడిబారితేనే వడదెబ్బ అని చాలామంది నమ్ముతారు. ఇంట్లో ఉన్న ముసలివాళ్ళలో అలా జరగవచ్చు. పని చేస్తూ పడిపోయిన కూలీ ఒళ్ళు చెమటతో తడిసి ఉన్నా అది వడదెబ్బ కావచ్చు. మాట తడబడినా, మనిషి అయోమయంలో పడినా, ఒళ్ళు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్ళు పోసి, విసురుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. పడిపోకముందైతే ఓఆర్‌ఎస్, ఉప్పు వేసిన మజ్జిగ, గంజి పనికొస్తాయి. చెమటతో పోయేది నీరొక్కటే కాదు కదా.

శరీరం ఎండకు అలవాటు పడుతుందన్న మాట నిజమే. వారం నుంచి రెండు వారాల్లో చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఈ అలవాటు గల్ఫ్ వెళ్ళే మనవాళ్ళకు మరీ అవసరం. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వేలమంది పనికి వెళ్ళే గల్ఫ్ తీరం ప్రపంచంలో తడి బల్బు అత్యధికంగా నమోదయ్యే చోట్లలో ఒకటి. ఖతర్ 2021లో వేసవి మధ్యాహ్నపు ఆరుబయటి పనిని నిషేధించే వేళలను పెంచింది. ఎండనూ తేమనూ గాలినీ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలని కూడా చట్టం చేసింది. అయితే ఎండకు దూరమైతే ఈ అలవాటు నిలవదు. సెలవు మీద ఇంటికి వచ్చి, చలికాలమంతా ఇక్కడ గడిపి తిరిగి వెళ్ళేవారి చెమట దాదాపు కొత్తవాళ్ళ చెమటే. కొత్తవాళ్ళకు మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు మాత్రమే ఇచ్చి, రోజుకో ఐదో వంతు పెంచమని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. పాతవాళ్ళకైతే సగంతో మొదలుపెట్టి నాలుగో రోజుకు పూర్తి పనికి రావచ్చంటుంది. మేస్త్రీలు, సూపర్‌వైజర్లు పాటించగలిగిన లెక్కే ఇది.