వేంపల్లెలో సముద్రం

కడప జిల్లా వేంపల్లెకు బంగాళాఖాతం నూట యాభై కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది. వానకోసం ఆకాశం వంక చూసే ఈ సీమలో కూర్చుని సముద్రాన్ని గూర్చి ముచ్చటించడం వింతగా తోచవచ్చు. కాని ఈ ప్రాంతపు గుట్టలెక్కి అక్కడి బండలను పరిశీలించిన వారికి ఆ వింత తీరిపోతుంది. బూడిదవన్నె డోలమైటు రాళ్ళు ఏనుగు తోలువలె ముడతలు పడి ఉంటాయి. వాటిలో కొన్నింటిపై ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్లు పొరలు పొరలుగా వలయాలు కనిపిస్తాయి. వీటిని శాస్త్రజ్ఞులు స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని సముద్రజలాలలో సూక్ష్మజీవులు చాపవలె అల్లుకొని, తమపై పడిన సున్నపు రేణువులను పట్టి ఉంచుతూ, పొరమీద పొరగా పేర్చిన కట్టడాలివి. వీటి వయస్సు సుమారు 190 కోట్ల సంవత్సరాలు, లేదా అంతకు మించి. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలలను గూర్చి 1872లో ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. ఈ శిలాశ్రేణిని నేటికీ భూగర్భశాస్త్ర గ్రంథాలు వేంపల్లె పేరుతోనే వ్యవహరిస్తున్నాయి. సమీపంలోని తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజం లభిస్తున్నది కూడ ఈ శ్రేణిలోని డోలమైటులోనే.

ఆనాటి సముద్రంలో చేపలు లేవు, పగడాలు లేవు, అసలు జంతువన్నదే లేదు. కంటికి కనబడని జీవులే అక్కడి నివాసులు. ఈ పాఠానికి ఆయువుపట్టు ఆ సంగతే. గాజుతొట్టిలో చిన్న సముద్రాన్ని నిలుపదలచినవారు కూడ మొదట ఆహ్వానించవలసింది రంగురంగుల చేపలను కాదు, అటువంటి అదృశ్య జీవులనే. జాతులు వేరైనా వరుస మాత్రం అదే.

మన కావ్యాలలో ప్రవాళమనీ విద్రుమమనీ పేర్కొన్నది ఎర్రని పగడాన్ని. నవరత్నాలలో చేరిన ఆ పగడం అధికంగా మధ్యధరా సముద్రం నుండి వచ్చినది. నేడు పగడపు దిబ్బ అని మనం చెప్పుకొనేది దానికి దూరపు చుట్టం. రాతి పగడాలనే చిన్న జంతువులు తమ శరీరంలో సూక్ష్మ శైవలాలకు చోటిచ్చి, అవి వెలుతురుతో వండిపెట్టిన ఆహారాన్ని పంచుకొంటూ, సున్నపు గూళ్ళు కట్టుకొంటాయి. వేల సంవత్సరాలుగా పేరుకొన్న ఆ గూళ్ళే దిబ్బలు. మన దేశంలో మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు వీటికి ప్రధాన స్థానాలు. గోదావరీ కృష్ణలు తెచ్చిపోసే ఒండ్రు, మంచినీరు వీటికి గిట్టవు కనుక ఆంధ్రతీరంలో అటువంటి విశాలమైన దిబ్బలు ఏర్పడలేదు.

ఇక నా అనుభవం చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి పట్టుపట్టగా 80 లీటర్ల తొట్టి ఒకటి ఇంటికి తెచ్చాను. నగరంలోని దుకాణదారు ఒకరు "ఉప్పు కలపండి, మరునాడు చేపలు వదలండి" అని చెప్పి, నారింజవన్నెపై తెల్లని చారలు గల క్లౌన్ చేపలు రెండింటిని సంచిలో కట్టి ఇచ్చాడు. తెలుగులో విదూషక మత్స్యం అనవచ్చునేమో! నాలుగవ నాటికి అవి నీటి పైభాగాన చేరి మొప్పలను వడివడిగా ఆడించసాగాయి. ఆరవనాడు ఒకటి, ఎనిమిదవనాడు మరొకటి కన్నుమూశాయి. నీరు అద్దంలా ఉంది. ఉప్పు పాళ్ళు సరిగానే ఉన్నాయి. అందువల్లనే నాకు అనుమానం కలుగలేదు. మా అమ్మాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తప్పు చేపలది కాదు, తొందరపడిన నాది.

చేప తన దేహంలోని నత్రజని వ్యర్థాన్ని ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో విడుస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్ళినా పుట్టేది అదే. అపారమైన సముద్రంలో అది చెదరిపోతుంది, తొట్టిలో పోగుపడుతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాను, దీనివల్ల హాని తక్కువ. రెండవది స్వేచ్ఛా అమ్మోనియా, ఇదే మొప్పలను కాల్చే విషం. నీటి పి.హెచ్. ఒక్క అంకె పెరిగితే ఈ రెండవదాని పాలు దాదాపు పదింతలవుతుంది. మంచినీటి తొట్టిలో పి.హెచ్. 7 దగ్గర ఉండవచ్చుగాని సముద్రజలంలో 8.1 నుండి 8.3 వరకు ఉంటుంది. కనుక మంచినీటిలో చేప ఓర్చుకొనే అమ్మోనియా ఉప్పునీటిలో ప్రాణాంతకం కాగలదు. ఈ విషయం భీమవరం, నెల్లూరు ప్రాంతాల రొయ్యల రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. చెరువునీటిని పరీక్షకు పంపినప్పుడు వారు ఆతురతతో అడిగే లెక్కలలో అమ్మోనియా ఒకటి.

ఈ విషానికి విరుగుడు ప్రకృతిలోనే ఉంది. ఒక తెగ సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. మరొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు మితంగా ఉన్నంతవరకు చేపలకు పెద్ద హాని లేదు. దీనిని నత్రీకరణం అంటారు. మన వేరుశనగ చేలో పశువుల ఎరువు పైరుకు పనికివచ్చే రూపం పొందడంలోనూ ఇదే క్రియ నడుస్తుంది. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతంలో ఈ జీవులను వేరుచేసి చూపాడు. బాక్టీరియాలే ఈ పని చేస్తాయని చాలాకాలం భావించారు. 2005లో ఆర్కియా అనే వేరొక వర్గానికి చెందిన జీవి కూడ అమ్మోనియాను మార్చగలదని తేలింది. ఆ జీవి దొరికిన చోటు ఏదో తెలుసా? అమెరికాలోని సియాటిల్ నగరపు మత్స్యప్రదర్శనశాలలో, ఉష్ణమండల సముద్ర చేపల తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ళలో!

ఇంతకూ మొదట నీరు సిద్ధం కావాలి. మన బోరునీటిలో కాఠిన్యం ఎక్కువ, ఇతర లవణాలూ ఉంటాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఈ రెండూ పనికిరావు. వడపోత యంత్రంలో లవణాలు తొలగించిన నీటిని వాడాలి. వంట ఉప్పు కూడ పనికిరాదు. అది కేవలం సోడియం క్లోరైడు. సముద్రజలంలో మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం కూడ నియత ప్రమాణంలో ఉంటాయి. ఇందుకై తయారుచేసిన సముద్రలవణ మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. 80 లీటర్లకు 2 కిలోల 800 గ్రాములన్నమాట. విశిష్ట సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 25 లేక 26 డిగ్రీలు ఉండేటట్లు చూడాలి. అడుగున సున్నపు ఇసుక పరచి, రంధ్రాలు గల రాతిని 8, 10 కిలోలు పేర్చి, నీటిని నిరంతరం కదిలించే మోటారు పంపును అమర్చాలి. నత్రీకరణ జీవులు నీటిలో తేలియాడేవి తక్కువ. రాతి రంధ్రాలను, ఇసుక రేణువులను అంటిపెట్టుకొని ఉండేవే ఎక్కువ. వాటికి గాలి కావాలి, కనుక నీరు నిలువకూడదు.

ఇప్పుడు ఆ జీవులకు ఆహారం పెట్టాలి. పూర్వం ఒకటి రెండు గట్టి చేపలను వదిలి, వాటి వ్యర్థంతోనే ఈ పని జరిపించేవారు. అది క్రూరం, అనవసరం కూడ. ఇత్తడి పాత్రలకు కళాయి వేసేవారు వాడే నవాసారం మీకు తెలిసే ఉంటుంది. రసాయన శాస్త్రంలో దాని పేరు అమ్మోనియం క్లోరైడు. బజారు సరుకు కాక, ప్రయోగశాలలో వాడే శుద్ధమైన నవాసారం అర గ్రాము 80 లీటర్ల నీటిలో కరిగిస్తే లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఏర్పడుతుంది. సీసాలలో అమ్మే బాక్టీరియా ద్రవాన్ని కలిపితే పని కొంత త్వరపడవచ్చు. ఆపైన చేయవలసింది పరీక్షించడం, వ్రాసుకోవడం, వేచి ఉండడం. రెండవసారి నేను ఒక నోటుపుస్తకం పెట్టుకొన్నాను. తొలి రెండు వారాలు అమ్మోనియా కదలలేదు. మూడవ వారంలో అది తగ్గుముఖం పట్టగా నైట్రైటు పైకి లేచింది. దానిని తినే జీవులు మందకొడిగా వృద్ధి చెందుతాయి. ఆ నిరీక్షణే కష్టం. ఖాళీ తొట్టిని చూడవచ్చిన బంధువులు "మేష్టారూ, ఇందులో ఏమున్నాయి?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర పుస్తకంలోని అంకెలు తప్ప మరేమీ లేవు. ఆరవ వారంలో ఒకనాడు మళ్ళీ అర గ్రాము నవాసారం వేసి మరునాడు పరీక్షించాను. అమ్మోనియా సున్న, నైట్రైటు సున్న, నైట్రేటు మాత్రం పెరిగింది. తొట్టి సిద్ధమైనదనడానికి గుర్తు ఇదే. అప్పుడు సగం నీరు మార్చి నైట్రేటును తగ్గించుకోవాలి.

రాయి విషయంలో ఒక హెచ్చరిక. విదేశీ గ్రంథాలు పగడపు దిబ్బల నుండి పెకలించిన 'సజీవ శిల'ను వాడమంటాయి. మనకది తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలను 2001లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్ర గుర్రాలకు కూడ 2001లోనే ఆ రక్షణ లభించింది. కడలి అడుగున చెట్టంత ఎదగడానికి తరాలు పట్టే ప్రాణిని మన ముందుగది అలంకారానికై విరిచి తేవడం చట్టం ఒప్పదు, మనసూ ఒప్పరాదు. సముద్రాలు వేడెక్కి పగడాలు వెలవెలబోవడం 1998 నుండి పదే పదే జరుగుతున్నది. 2024లో మరొక ప్రపంచవ్యాప్త విపత్తును శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కనుక ఎండిన నిర్జీవ శిలతోనే ప్రారంభించాలి. మరి మన వేంపల్లె రాయి వాడవచ్చునా అని ఒక విద్యార్థి అడిగాడు. ముచ్చటైన ప్రశ్నే! కాని ఆ డోలమైటు బిగువైనది, సూక్ష్మజీవులకు కావలసిన రంధ్రాలు అందులో తక్కువ. దానిని గుట్టమీదనే చూసి ఆనందించడం మేలు.

చేపలను కూడ సముద్రంలో పట్టినవి కాక, మనుషుల సంరక్షణలో పుట్టినవే ఎంచుకోవాలి. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను కృత్రిమ వసతిలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే విధానాలను రూపొందించింది. నీరు మార్చిన తరువాత గాజుపై గోధుమరంగు జిగురు, దాని వెనుక పచ్చని పాచి కనబడతాయి. వాటిని మేసే చిన్న నత్తలు మూడు నాలుగు మొదట రావాలి. మరి రెండు వారాలకు ఒక జత క్లౌన్ చేపలు. అంతకుముందు వాటిని వేరొక తొట్టిలో కొన్నాళ్ళు ఉంచి రోగాలు లేవని నిర్ధారించుకోవాలి. వదిలేముందు తొట్టినీటిని బొట్లు బొట్లుగా కలుపుతూ గంటసేపు అలవాటు చేయాలి. ఒక్కసారిగా అరడజను చేపలు చేరిస్తే ఇద్దరికి వండిన ఇంట పెళ్ళివారు దిగినట్లే. సూక్ష్మజీవుల సంఖ్య పెరగడానికి వ్యవధి కావాలి. మేత రోజుకు చిటికెడు. వారానికి పదోవంతు నీరు మార్చాలి. తీసిన నీటిని మాత్రం పెరటి జామచెట్టుకు పోయకండి. మంచినీటి తొట్టి నీరు మొక్కలకు బలం. ఇది వాటికి విషం.

మన సీమలో ఈ తొట్టికి అసలు శత్రువు వేసవి. నలభై డిగ్రీలు దాటిన ఎండలో నీరు వేడెక్కుతుంది. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే పంపు ఆగి, చేపలతోపాటు సూక్ష్మజీవులు కూడ ఊపిరాడక నశిస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు చేతికందేటట్లు ఉంచుకోవడం మా ఇంట ఆచారం. పైనుండి ఫంకా గాలి తగిలితే నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది గాని ఆవిరి ఎక్కువవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. మన చవుడు నేలలు ఏర్పడిన తీరు తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు. అందుచేత తరిగినంత మేరకు ఉప్పునీరు కాక, శుద్ధమైన మంచినీరే పోయాలి. మా తొట్టి గాజుపై మా అమ్మాయి ఎర్రరంగుతో ఒక గీత గీసింది. ప్రతి ఉదయం కళాశాలకు బయలుదేరే ముందు ఆ గీతవరకు నీరు పోస్తాను. వేసవిలో లీటరున్నర పడుతుంది, వానలు పడిన రోజుల్లో అర లీటరు.