పెద్దన్న హోండా కన్నా ముందే పాయింట్ కొట్టిన చిన్న టీమ్: సూపర్ అగురి కథ

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక ఓవర్‌టేక్‌తో మొదలుపెడదాం.

2007 జూన్ 10. కెనడాలోని మాంట్రియల్. ఫార్ములా వన్ రేస్ ఇంకో కొద్ది ల్యాపుల్లో అయిపోతుంది. ముందు వెళ్తున్నది ఫెర్నాండో అలొన్సో. అంతకుముందు రెండేళ్లూ వరల్డ్ ఛాంపియన్ ఆయనే. నడుపుతున్నది మెక్‌లారెన్. ఆయన వెనకాల పడింది ఒక జపాన్ టీమ్ కారు. అందులో ఉన్నది టకుమా సాటో. చివరి మలుపు దగ్గర బయటి వైపు నుంచి వచ్చి అలొన్సోని దాటేశాడు. ఆరో స్థానంలో ఫినిష్ చేశాడు.

ఆ టీమ్ పేరు సూపర్ అగురి. సంవత్సరం తిరక్కుండానే మూతపడింది. ఇప్పుడు ఎఫ్1 చూస్తున్న చాలామంది ఈ పేరు విని కూడా ఉండరు. అంత బాగా ఆడిన టీమ్ ఎందుకు మాయమైపోయింది? అదే ఈరోజు టాపిక్.

ముందు అగురి ఎవరో చూద్దాం. అగురి సుజుకి ఒకప్పటి ఎఫ్1 డ్రైవర్. 1990లో సొంత గడ్డ మీద, సుజుకా ట్రాక్‌లో మూడో స్థానం సాధించాడు. ఎఫ్1 పోడియం ఎక్కిన మొదటి జపాన్ డ్రైవర్ ఆయనే. ఆ తర్వాత పోడియం ఎక్కిన జపాన్ కుర్రాడే మన సాటో, 2004లో, అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో.

2005 చివర్లో సీన్ మారింది. సాటో ఆడుతున్న బార్ టీమ్‌ని హోండా పూర్తిగా కొనేసింది. బటన్ పక్కన బారికెల్లోని తీసుకున్నారు. సాటోకి సీటు లేదు. జపాన్ కంపెనీ టీమ్‌లో జపాన్ హీరోకి చోటు లేకపోతే ఫ్యాన్స్ ఊరుకుంటారా? సరిగ్గా అప్పుడే అగురి సుజుకి కొత్త టీమ్ ప్రకటించాడు. ఇంజిన్లు హోండావే. అంటే హోండా పెద్దన్న, సూపర్ అగురి చిన్న తమ్ముడు అన్నమాట.

కానీ చేతిలో ఉన్న టైమ్ నాలుగు నెలలు! అప్పట్లో కొత్త టీమ్ అంటే 4.8 కోట్ల డాలర్ల డిపాజిట్ కట్టాల్సి ఉండేది. అది టైమ్‌కి అందక మొదటి ఎంట్రీ లిస్టులో పేరే రాలేదు. తర్వాత మిగతా టీమ్‌లన్నీ ఒప్పుకుంటే, 2006 జనవరి చివర్లో పర్మిషన్ వచ్చింది. మార్చి 12న బహ్రెయిన్‌లో మొదటి రేస్.

మరి కారు? ఎఫ్1లో కారు డిజైన్ చేసి తయారు చేయడానికి నెలలు పడుతుంది. అందుకే వీళ్లు పాత కార్లు కొన్నారు. 2002లో దివాలా తీసిన ఆరోస్ అనే టీమ్ కార్లు అవి. ఇంగ్లండ్‌లోని లీఫీల్డ్‌లో అదే ఆరోస్ వాడిన ఫ్యాక్టరీలో దిగి, ఆ కార్లకే కొత్త రూల్స్ ప్రకారం మార్పులు చేసి, హోండా వీ8 ఇంజిన్ పెట్టారు. ఎఫ్1లో ఏడాది పాత కారే ముసలిది. ఇది నాలుగేళ్లది.

రిజల్ట్ ఊహించిందే. మొదటి రేస్‌లో సాటో నాలుగు ల్యాపులు వెనకబడి ఆఖర్న ఫినిష్ చేశాడు. రెండో డ్రైవర్ యుజి ఇడే పరిస్థితి ఇంకా ఘోరం. సరైన టెస్టింగ్ లేకుండా దిగి, నాలుగో రేస్‌లో వేరే కారుని గుద్దాడు. ఆయన ఎఫ్1 లైసెన్సే రద్దయింది. అయినా టీమ్ ఆగలేదు. సీజన్ మధ్యలో మెరుగైన కారు తెచ్చుకుంది. చివరి రేస్ బ్రెజిల్‌లో సాటో పదో స్థానం. పాయింట్లు మాత్రం సున్నా, ఎందుకంటే అప్పట్లో మొదటి ఎనిమిది మందికే పాయింట్లు.

అసలు మజా 2007లో. ఈసారి వీళ్ల కారుకి ఆధారం అంతకుముందు ఏడాది హోండా కారు. హంగరీలో బటన్‌ని గెలిపించిన మోడల్ అది. అదే టైమ్‌లో హోండా కొత్తగా చేసుకున్న సొంత కారు ఫెయిల్ అయింది. మొదటి రేస్ మెల్‌బోర్న్ క్వాలిఫయింగ్‌లో సాటో పది, ఆయన టీమ్‌మేట్ ఆంథనీ డేవిడ్సన్ పదకొండు. రెండు హోండాలూ వాళ్ల వెనకే! మేలో స్పెయిన్‌లో సాటో ఎనిమిదో స్థానంతో టీమ్‌కి మొదటి పాయింట్ తెచ్చాడు. హోండాకి ఆ ఏడాది మొదటి పాయింట్ జూలైలో గానీ రాలేదు.

వేరే టీమ్ డిజైన్ వాడటం అన్యాయం అని స్పైకర్ టీమ్ గొడవ పెట్టింది. ఆ స్పైకర్‌నే తర్వాత మన విజయ్ మాల్యా కొని ఫోర్స్ ఇండియా అని పేరు మార్చారు.

ఇక కెనడా సంగతి మీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. అదే రేస్‌లో డేవిడ్సన్ మూడో స్థానం దాకా వెళ్లాడు. అప్పుడు ట్రాక్ మీదకి ఒక గ్రౌండ్‌హాగ్ వచ్చింది, మన పందికొక్కు కంటే పెద్ద జంతువు. దాన్ని గుద్ది ముందు వింగ్ పాడైంది. పదకొండో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

సీజన్ అయ్యేసరికి హోండాకి ఆరు పాయింట్లు, సూపర్ అగురికి నాలుగు. బడ్జెట్‌లో పోలికే లేదు, పాయింట్లలో తేడా రెండే.

మరి ఎందుకు మూతపడింది? స్పీడ్ వల్ల కాదు, డబ్బు వల్ల. ఒక పెద్ద స్పాన్సర్ ఇస్తానన్న డబ్బు ఇవ్వలేదు. 2008లో మాగ్మా గ్రూప్ కొంటానని వచ్చింది, వాళ్ల వెనక ఉన్న దుబాయ్ ఇన్వెస్టర్ తప్పుకున్నాడు. ఇంక దిక్కు హోండానే. హోండా ఇంకా డబ్బు పెట్టడానికి సిద్ధంగా లేదు. ఏప్రిల్ చివర్లో స్పెయిన్‌లో సాటో పదమూడో స్థానంలో ఫినిష్ చేశాడు. తర్వాతి రేస్ టర్కీలో. టీమ్ ట్రక్కులు ఇస్తాంబుల్ ట్రాక్ దాకా వెళ్లాయి, కానీ లోపలికి రానివ్వలేదు. మే 6న అగురి సుజుకి టీమ్ మూసేస్తున్నట్టు ప్రకటించాడు. మొత్తం 39 రేసులు. అంతే.

ఒక్కసారి ఆలోచించండి. ఇంజిన్ హోండాది, డిజైన్ హోండాది, కష్టకాలంలో ఆశ కూడా హోండానే. ఏ చెయ్యి పట్టుకుని నడిచారో, అది వదిలేయగానే పడిపోయారు. అదే ఏడాది డిసెంబర్‌లో హోండా కూడా ఎఫ్1 నుంచి తప్పుకుంది. వాళ్లు వదిలేసిన టీమే బ్రాన్ జీపీగా మారి 2009లో ఛాంపియన్ అయింది. కానీ సూపర్ అగురికి అలా కాపాడేవాళ్లు దొరకలేదు.

సాటో మాత్రం ఆగలేదు. అమెరికా వెళ్లి 2017లో, మళ్లీ 2020లో ఇండీ 500 గెలిచాడు. ఆ రేస్ గెలిచిన మొదటి జపాన్ డ్రైవర్ ఆయనే. ఎక్కడ? ఎఫ్1 పోడియం ఎక్కిన అదే ఇండియానాపోలిస్‌లో.

కాబట్టి ఈసారి రేస్ చూసేటప్పుడు ఆఖర్న వస్తున్న కారుని చూసి నవ్వే ముందు, అది ఎంత డబ్బుతో, ఎన్ని నెలల్లో తయారైందో ఒకసారి వెతికి చూడండి. మరి మీరు హోండా బాస్ అయ్యుంటే తమ్ముడిని కాపాడేవాళ్లా, సొంత టీమ్ చూసుకునేవాళ్లా? కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.