ఎర్ర బల్బు నుంచి హైపో దాకా: ఫిల్మ్ ఫొటోగ్రఫీ అపోహలు – వాస్తవాలు

ఫిల్మ్ కెమెరా మళ్లీ కుర్రకారు చేతుల్లోకి వస్తోంది. వెంటే అరకొరగా విన్న మాటలూ వస్తున్నాయి. ఫిల్మ్ ఫొటో బటన్ నొక్కడంతో పూర్తికాదు. ఎక్స్‌పోజర్, డెవలపింగ్, ప్రింటింగ్ అనే మూడు దశల్లో మనిషి తీసుకునే నిర్ణయాలే దాన్ని తయారుచేస్తాయి. ఏ దశ ఏం చేస్తుందో తెలిస్తే ఈ అపోహలు నిలవవు.

అపోహ: ఎఫ్ నంబరు పెద్దదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది.

వాస్తవం: తగ్గుతుంది. ఫోకల్ లెంగ్త్‌ను అపర్చర్ వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ నంబరు. 50 మి.మీ. లెన్సులో ఎఫ్/2 దగ్గర ఆ వ్యాసం 25 మి.మీ., ఎఫ్/16 దగ్గర సుమారు 3 మి.మీ. మాత్రమే. ఒక్కో స్టాప్ తగ్గించినప్పుడల్లా వెలుతురు సగమవుతుంది. ఈ రెండింటి మధ్య ఆరు స్టాపులు, అంటే 64 రెట్ల తేడా.

అపోహ: పుష్ చేస్తే ఫిల్మ్ స్పీడు నిజంగానే పెరుగుతుంది.

వాస్తవం: 400 ఫిల్మ్‌ను 1600గా లెక్కేసి తీస్తే ప్రతి ఫ్రేముకూ అందేది కావలసిన వెలుతురులో నాలుగో వంతే. డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచితే వెలుగు బాగా పడిన చోట్ల నెగటివ్ మరింత చిక్కబడుతుంది, కాంట్రాస్టూ గ్రెయినూ పెరుగుతాయి. చీకట్లో ఉండిపోయిన ముఖం మాత్రం బయటికి రాదు. అక్కడ ఫిల్మ్ మీద ఏమీ నమోదు కాలేదు మరి. నీడలను బట్టి ఎక్స్‌పోజర్, వెలుగులను బట్టి డెవలపింగ్ అన్న పాఠం ఇందుకే పుట్టింది. 1940 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ సిస్టమ్‌కు ఇదే పునాది.

అపోహ: ఎర్ర బల్బు వెలుగులో ఏ ఫిల్మునైనా కడగవచ్చు.

వాస్తవం: ఆ బల్బు బ్లాక్ అండ్ వైట్ ప్రింటింగ్ పేపరు కోసం. ఆ పేపరు నీలం, ఆకుపచ్చ వెలుతురుకే స్పందిస్తుంది. ఇప్పుడు దొరికే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముల్లో ఎక్కువ భాగం పాంక్రోమాటిక్, అంటే ఎరుపుకూ స్పందిస్తాయి. కలర్ ఫిల్ము సంగతీ అంతే. రీలుకు చుట్టి ట్యాంకులో పెట్టి మూత బిగించేదాకా కటిక చీకటి ఉండాల్సిందే. ఆ తర్వాత లైటు వేసుకుని పని సాగించవచ్చు.

అపోహ: డెవలపర్‌లో బొమ్మ వచ్చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: బొమ్మను చూపేది డెవలపర్, నిలిపేది ఫిక్సర్. మన స్టూడియోల వాళ్లు హైపో అనేది దీన్నే. వెలుతురు తగలని వెండి లవణాలు ఫిల్ములో మిగిలే ఉంటాయి, వాటిని హైపో కరిగించి తీసేస్తుంది. ఈ గుణాన్ని జాన్ హెర్షెల్ 1819లోనే గుర్తించాడు, 1839లో అది ఫొటోగ్రఫీకి అక్కరకొచ్చింది. చివర్లో హైపో పోయేదాకా నీళ్లతో కడగడమూ అంతే ముఖ్యం. మిగిలిపోయిన హైపో వెండి మీద పనిచేస్తూనే ఉంటుంది. పాత ఆల్బముల్లో ఫొటోలు పసుపుపచ్చబడి వెలిసిపోవడానికి ఇదొక కారణం.

అపోహ: ఫిల్ము అబద్ధం చెప్పదు, మార్పుచేర్పులన్నీ కంప్యూటర్‌తోనే వచ్చాయి.

వాస్తవం: హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లోనే ఐదు నెగటివ్‌లను కలిపి ‘ఫేడింగ్ అవే’ అనే ఒకే చిత్రం తయారుచేశాడు. ఎన్లార్జర్ కింద ఒకచోట వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టి తేలికచేయడం డాడ్జింగ్, ఇంకోచోట అదనంగా వెలుతురిచ్చి ముదురుచేయడం బర్నింగ్. ఆడమ్స్ 1941లో తీసిన ‘మూన్‌రైజ్’ తొలి ప్రింట్లలో ఆకాశం లేతగా, మబ్బులతో కనిపిస్తుంది. దశాబ్దాల తర్వాతి ప్రింట్లలో అదే ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది. నెగటివ్ ఒక్కటే, మారింది ప్రింటు వేసిన మనిషి ఆలోచన.

అందుకే ప్రింటు చేతికొచ్చింది కదా అని నెగటివ్‌ను పారేయకండి. తేమ, వేడి తగలని చోట కాగితపు కవర్లలో భద్రపరచండి. ప్రింటు వెలిసిపోయినా, నెగటివ్ బాగుంటే అదే ఫొటోను మళ్లీ కొత్తగా వేసుకోవచ్చు.